వెనకటి తేదీతో ఒక కొవ్వు చట్టం కావాలి

ప్రభుత్వం లావును నిషేధించాలి. కమిటీ వేసి, నివేదిక తెప్పించుకుని, అభ్యంతరాలు పిలిచి కాదు. వెంటనే. అసెంబ్లీ జరగకపోతే ఆర్డినెన్సయినా సరే.

ఈ మాట అంటున్నది యోగా మాస్టారు కాదు. నరసన్నపేట బజారులో నూనె, పప్పులు, బెల్లం హోల్‌సేలుగా అమ్ముకునే మనిషి. చుట్టుపక్కల ఊళ్ల పొట్టలు పెరిగితేనే నా గల్లాపెట్టె పెరుగుతుంది. అయినా అంటున్నాను. తన బేరానికి తానే అడ్డం పడుతున్న షావుకారు మాటను మీరు కొంచెం నమ్మవచ్చు.

కిందటేడు కేరళలో పిజ్జాల మీద, బర్గర్ల మీద కొవ్వు పన్ను వేశారని పేపర్లో చదివాను. మంచిదే. కానీ పిజ్జా తిని లావెక్కే స్తోమత మా వైపు ఎంతమందికి ఉంది? మేం లావెక్కేది బూరెల మీద. బూరెకు బొటనవేలితో చిల్లు పెట్టి, ఆ చిల్లులో నెయ్యి పోసి, అది ఇంకేదాకా ఆగి, మళ్లీ పోసే జిల్లా ఇది. ఇక్కడ పిజ్జా మీద పన్ను వేస్తే దాన్ని వసూలు చేసే గుమాస్తా జీతం కూడా రాదు.

తిండి వ్యక్తిగత విషయమనీ, అందులో ప్రభుత్వం తలదూర్చకూడదనీ చదువుకున్నవాళ్లు వాదిస్తున్నారు. వాళ్లను గౌరవిస్తాను. ఒక్కటి అడుగుతాను. మా వైపు తిండి ఎప్పుడు వ్యక్తిగతమైంది?

పెళ్లిలో విస్తరి ముందు కూర్చున్నాక ఎంత తినాలో నిర్ణయించేది మీరా? మీరు విస్తరికి రెండు చేతులూ అడ్డం పెడతారు. ఆ చేతుల సందులోంచి లడ్డూ పడుతుంది. చాలంటే మొహమాటం అంటారు. వద్దంటే కోపం అంటారు. లేచిపోతే రెండు కుటుంబాల మధ్య మాట వస్తుంది. లెక్క చూస్తే నా పొట్టలో నా వాటా నాలుగణాలు. మిగిలిన పన్నెండణాలూ బంధువులవి. ఇంతమంది వాటాదార్లున్న ఆస్తి మీద ప్రభుత్వం కూడా ఒక చెయ్యి వేస్తే తప్పేమిటి?

ఆరోగ్యం గురించి ప్రజలకు అవగాహన కల్పిస్తే చాలంటారు కొందరు. హెల్మెట్ సంగతి చూడండి. తల పగులుతుందని హెల్మెట్ పెట్టుకున్నవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. హైవే మీద పోలీసు కనబడగానే అది పెట్రోలు ట్యాంకు మీంచి తల మీదికి ఎక్కుతుంది. పోలీసు దాటగానే దిగుతుంది. మనకు ప్రాణం పోయినా పరవాలేదు, చలానా రాకూడదు. పొట్టకు కూడా చలానా పెట్టి చూడండి, ఎలా లోపలికి పోతుందో!

చట్టంలో ఏముండాలో కూడా నేను ఆలోచించి పెట్టాను. ప్రభుత్వానికి శ్రమ ఉండదు.

కొసరి వడ్డించడం బెయిలు లేని నేరం కావాలి. మొదటిసారికి హెచ్చరిక, రెండోసారికి గరిటె స్వాధీనం. ఆర్టీసీ బస్సులో ఎంత సీటు ఆక్రమిస్తే అంత టికెట్టు కొట్టాలి. పుట్టినరోజు ఫ్లెక్సీల్లో నాయకుడి బొమ్మ కింద అభిమానుల పేర్లతో పాటు నాయకుడి నడుము కొలత కూడా వేయాలి. రేపు భోగాపురంలో విమానాశ్రయం వస్తుందంటున్నారు. విమానంలో పెట్టె బరువెక్కువైతే డబ్బులు కట్టించుకుంటారట, మనిషి బరువెక్కువైతే అడగరట. ఇదెక్కడి తూకం? ఏ వ్యాపారినైనా అడగండి. బస్తా, బస్తాలో సరుకు రెండూ కలిపి తూస్తాం. పెట్టె ఒక్కటే ఏం పాపం చేసింది?

ఇదంతా పుస్తకాల్లో చదివి చెబుతున్నానని అనుకోకండి. నా సొంత కేసు ఉంది.

కిందటి ఎండాకాలంలో నాకు మోకాళ్లు పట్టేశాయి. శ్రీకాకుళం డాక్టరు దగ్గరికి వెళితే, షుగరు కూడా ఉందని చెప్పి, బరువు తగ్గకపోతే ముందు మోకాళ్లు, తర్వాత కళ్లు, తర్వాత కిడ్నీలు పోతాయని పచారీ చీటీ చదివినట్టు చదివాడు. ఇంటికొచ్చి మా కోడలు అనూరాధకు చెప్పాను. "అమ్మా, ఇకమీదట నాకు నూనె తగ్గించు. నెయ్యి మానిపించు. రెండోసారి అన్నం అడిగినా పెట్టకు" అన్నాను.

ఈ మాట నేనే అన్నానని పాఠకులు దయచేసి గమనించాలి. ఎందుకంటే దీన్ని నేను ఇంకెవరి దగ్గరా అనలేదు.

నా భార్య పోయాక వంటిల్లు కోడలి చేతికి వచ్చింది. కొడుకు కళ్యాణ్ ఉన్నాడు గానీ, జీఎస్టీ వచ్చినప్పట్నుంచీ వాడు కంప్యూటరు ముందునుంచి లేవడం లేదు. ఇంట్లో ఎవరు లావయ్యారో ఎవరు చిక్కారో చూసే తీరిక వాడికి లేదు. అనూరాధది బొబ్బిలి. ఒక పని ఒప్పుకుందంటే చేసి తీరే మనిషి. గరిటె గూట్లో పెట్టేసి, చెంచా పట్టుకుంది. టిన్నులకు టిన్నులు నూనె అమ్మే నాకు అదే నూనె చెంచాతో కొలిచి వేసింది. ఒకరోజు నేనే ప్రాధేయపడ్డాను. "మీరే పెట్టొద్దన్నారు మావయ్యా" అని గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

దసరా నాటికి దుకాణంలో బస్తాలు తూచే కాటా ఎక్కి నిలబడితే పదకొండు కిలోలు తరుగు వచ్చింది. నా సర్వీసులో తరుగు చూసి సంతోషించడం అదే మొదటిసారి. మెట్లెక్కి గోదాము పైఅంతస్తుకు వెళ్లి, ఏడాదిగా నేను చూడని సరుకు చూసి వచ్చాను. లాభం అంటే అది.

కానీ బజారు లెక్క వేరు. మా బజారులో షావుకారు సన్నబడితే రెండే కారణాలు. పెళ్లాం ఉన్నవాడైతే వ్యాపారం పోయింది. పెళ్లాం లేనివాడైతే కోడలు పెట్టడం లేదు. మూడో కారణం ఇంతవరకు నమోదు కాలేదు.

మొదట పలకరింపులు. తర్వాత క్యారేజీలు. మా అక్క సూర్యకాంతం, మేం అప్ప అంటాం, పక్క వీధిలోనే ఉంటుంది. మధ్యాహ్నం కోడలు కునుకు తీసే వేళ చూసి, దుకాణం వెనక గుమ్మంలోంచి క్యారేజీ పట్టుకుని వచ్చేది.

"తినరా నగరేసూ. ఎవులూ సూడ్నేదు."

"ఇప్పుడే భోజనం చేశానప్పా."

"నువ్వు సేసింది భోజనమేటి? సెంచాతోటి కొలిసి ఎడతాదంట గదా. పిల్లికి పాలోసినట్టు. మీ ఆవిడుంటే ఇలగ సూస్తాదా?"

ఇక్కడ నేను "నేనే పెట్టొద్దన్నానప్పా" అనవచ్చు. అనలేదు. ఎందుకంటే నేను డైటింగ్ చేస్తున్నానని తెలిస్తే బజారంతా నవ్వుతుంది. డైటింగ్ సినిమావాళ్లు చేస్తారు. నూనె వ్యాపారి నూనె మానేశాడంటే నూనెలో ఏముందోనని కొనేవాడికి అనుమానం రాదా? అందుకని క్యారేజీ తెరిచి రెండు ముద్దలు తిని, నిట్టూర్చాను. ఆ నిట్టూర్పుతో కేసు రుజువైపోయింది.

దాంతో మహిళా మండలిలో అనూరాధ పక్కన కూర్చునేవాళ్లు తగ్గారు. పేరంటానికి వెళితే పసుపు రాస్తూ, "మీ మావగారికి ఒంట్లో ఎలగున్నాదమ్మా" అని అందరూ ఒకే గొంతుతో అడిగారట. చివరికి బొబ్బిలి నుంచి వాళ్లమ్మ ఫోను చేసింది. ఆ సాయంత్రం కోడలు నా ముందుకొచ్చి నిలబడింది.

"మావయ్యా, మా అమ్మ కూడా అడిగేసింది. 'ముసలాయనకి కడుపు నిండా ఎడతన్నావా' అని. ఇంక నా వల్ల కాదు. రేపట్నించి గరిటే."

"అలా అంటే ఎలాగమ్మా, నా మోకాళ్లు?"

"మరి నా పేరో?"

నేను రాత్రంతా లెక్క వేశాను. చెంచా ఉంటే నా మోకాళ్లు నిలుస్తాయి, ఆమె పేరు పోతుంది. గరిటె వస్తే ఆమె పేరు నిలుస్తుంది, నా మోకాళ్లు పోతాయి. రెండూ నిలబడాలంటే తప్పు మా ఇద్దరిదీ కాని మూడో మనిషి కావాలి. దేశంలో ఎవరేమన్నా పడే మూడో మనిషి ప్రభుత్వం ఒక్కటే.

గరిటె రాకుండా కోడల్ని బతిమాలుతూ ఉండగా కార్తీక మాసం వచ్చింది. మా షావుకార్ల సంఘం ఏటా శ్రీముఖలింగం దగ్గర మామిడితోటలో వనభోజనాలు పెడుతుంది. దర్శనం చేసుకుని, వంశధారలో కాళ్లు కడుక్కుని, బంతికి కూర్చున్నాం. సంఘం ప్రెసిడెంటు నరసింగరావు స్వయంగా బూరెల పళ్లెం పట్టుకున్నాడు. ఆయన వడ్డిస్తే ఎవరూ కాదనకూడదు. ఆయన పొట్టే మా సంఘానికి ఆఫీసు.

"ఏటి బావా, ఒక్కటేనా? నీ పేరు సెప్పి నాలుగేస్తాను."

"వద్దు నరసింగం, చాలు."

ఆడవాళ్ల బంతిలోంచి మా అప్ప అందుకుంది.

"వద్దంటాడ్రా నరసింగం, వద్దనకేటి సేస్తాడు. తిండం మర్సిపోనాడు. ఇంటికెల్తే సమాదానం సెప్పుకోవాల గదా."

సాంబారు బకెట్టు ఉన్నచోటే ఆగిపోయింది. అనూరాధ మంచినీళ్ల జగ్గు పట్టుకుని రెండు వరసల మధ్య నిలబడి ఉంది. అందరూ తనవైపే చూశారు. తను నావైపు చూసింది.

ఆ క్షణంలో నా నోట్లోంచి, నా ప్రమేయం లేకుండా, ప్రభుత్వం బయటికి వచ్చింది.

"కొత్త జీవో వచ్చింది మీకు తెలీదా? ఈసారి కాటాలకి ముద్ర వెయ్యడానికి వచ్చే ఆఫీసరు కాటాతో పాటు షావుకార్ని కూడా తూస్తాడు. బరువెక్కువుంటే లైసెన్సు ఆగిపోద్ది."

ఎవరైనా నవ్వుతారని చూశాను. ఒక్కరూ నవ్వలేదు. ఒక రాత్రి పడుకుని లేచేసరికి పెద్ద నోట్లు చెల్లకుండా పోయిన బజారు అది. ఆ వెంటనే జీఎస్టీ వచ్చి, బెల్లానికెంత, అటుకులకెంత అని ఎవర్నడిగినా ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పిన బజారు. వాళ్లకు నమ్మశక్యం కానిదేదీ మిగల్లేదు.

నరసింగరావు బూరెల పళ్లెం కిందపెట్టాడు.

"స్లాబులెన్ని బావా?"

"నాలుగు" అన్నాను, అలవాటు కొద్దీ.

"సెప్పుల్తోనా, సెప్పుల్లేకుండానా?"

"రూల్సు ఇంకా రాలేదు."

ఆ మాటతో ఏ కొంచెం అనుమానం ఉన్నా అదీ పోయింది. రూల్సు రాకుండా అమల్లోకి వచ్చిందంటే అది నిజమైన చట్టమే.

చట్టానికున్న శక్తి ఏమిటో నేను అప్పుడు చూశాను. తెల్లారేసరికి సర్వీసు రోడ్డు మీద షావుకార్లంతా నడుస్తున్నారు. పంచె ఎగ్గట్టి కొందరు, కొడుకు నిక్కరేసుకుని కొందరు. నరసింగరావు మధ్యలో మూడుచోట్ల కూర్చుంటూ పక్కూరు జమ్ము దాకా వెళ్లి, ఆటోలో వెనక్కొచ్చాడు. డాక్టర్లు పదేళ్లుగా మొత్తుకున్నా కదలని పొట్టలు, లేని జీవోకు కదిలాయి. నా దుకాణంలో నూనె అమ్మకం పడిపోయింది. ఆ నష్టాన్ని నేను ప్రజాసేవ కింద రాసుకున్నాను.

ముఖ్యమైన సంగతి, అనూరాధ పేరు నిలబడింది. ఏ ఆడవాళ్లయితే ముఖం తిప్పుకున్నారో వాళ్లే చెంచా ఎంత సైజుదో చూడ్డానికి మా ఇంటికి వచ్చారు. మా అప్పయితే వీధి అరుగు మీద కూర్చుని, "మా అనూరాదకి ముందే తెలిసిపోనాది. పేపర్లు సదివే పిల్ల గదా" అని తనే పెంచినట్టు చెప్పుకుంది.

మా దుకాణం కళాసీ నూకయ్య ఒక్కడే ఇబ్బందికరమైన ప్రశ్న వేశాడు. మూడు బస్తాలు మోసే మనిషి, తను మాత్రం అర బస్తా ఉండడు.

"బావూ, లావుకి జరిమానా ఏస్తే, సన్నానికి ఏటన్నా ఇస్తారా?"

"ఎందుకిస్తార్రా?"

"కాదు, పుట్టిన కాడ్నించి రూలు పెకారమే ఉన్నాం గదా, అందుకు."

నేను మనసులో లెక్క వేసి చూశాను. మన జిల్లాలో రూలు ప్రకారం ఉన్నవాళ్లందరికీ తలా కొంచెం ఇచ్చినా ప్రభుత్వం దివాలా తీస్తుంది. అందుకని ఆ సెక్షను చట్టంలో పెట్టవద్దని మనవి.

నెల తిరిగేసరికి నడిచే కాళ్లు నొప్పెట్టాయి. సంఘం అత్యవసర సమావేశం పెట్టింది. నరసింగరావు వేదిక మీద మాట్లాడుతూ ఆయాసపడ్డాడు.

"బరువు తగ్గడం కష్టం బావా. ఆఫీసర్ని సూసుకోడం తేలిక. తలా ఇంతని కాదు, అన్నేయం అయిపోద్ది. కిలోకింతని యేసుకుందాం."

అందరూ చప్పట్లు కొట్టారు. సన్నబడ్డ లాభానికి నా చందా అందరికన్నా తక్కువ పడింది. ఆ రాత్రే బజారులో చాలా ఇళ్లలో చెంచాలు గూట్లోకి, గరిటెలు గిన్నెల్లోకి వెళ్లాయి. చట్టం మారలేదు, రేటు కుదిరిందంతే.

ఆఫీసరు పుష్యమాసంలో వచ్చాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు. కాటాలన్నీ పరీక్షించి ముద్రలు వేసి, సామాను సర్దుకుంటున్నాడు. నరసింగరావు ముందుకొచ్చి, చెప్పులు విప్పి, ఉంగరం తీసి, జేబులో సెల్‌ఫోను నా చేతికిచ్చి, ఊపిరి బిగబట్టి కాటా ఎక్కి నిలబడ్డాడు.

ఆఫీసరు "ఏమిటండీ ఇది?" అన్నాడు.

"రాసుకోండి బాబూ. కవరు కూడా రెడీగున్నాది."

"కవరెందుకండీ? షావుకార్లని తూయమని నాకెవరూ చెప్పలేదు. అలాంటి జీవో ఏదీ లేదు. మీకెవరు చెప్పారు?"

బజారంతా నావైపు తిరిగింది. నేను సీలింగు ఫ్యానుకు బూజు పట్టిన సంగతి గమనించాను.

నన్ను నిలదీస్తారనుకున్నాను. అదే జరిగితే బాగుండేది. కానీ నలభై ఏళ్లుగా కాటాకు చెయ్యి అడ్డం పెట్టని మనిషినని నాకు బజారులో పేరుంది. నగరేశ్వరరావు అబద్ధమాడడు. కాబట్టి అతని చేత ఎవరో ఆడించారు. ఎవరు? సాయంత్రం దీపాలు పెట్టే వేళకు తీర్పు మా వీధిలోకి వచ్చేసింది. మావగారికి పెట్టలేక కోడలు ఏకంగా ప్రభుత్వాన్నే పుట్టించింది!

అందువల్ల ముఖ్యమంత్రిగారికి, శాసనసభ్యులందరికీ నా విన్నపం. లావు నిరోధక చట్టం వెంటనే తేవాలి. తెచ్చి, దాన్ని కిందటి కార్తీకం నుంచే అమలు చేయాలి. వెనకటి తేదీ నుంచి పన్నులు అడిగే అలవాటు ప్రభుత్వాలకు ఎటూ ఉన్నదే. ఒక ఆడపిల్ల పేరు కోసం ఒకసారి అడిగితే ఖజానాకు నష్టమేమీ లేదు.

ఇది ఎంత అత్యవసరమో తెలియడానికి కిందటి ఆదివారం మా ఇంట్లో జరిగింది చెబుతాను.

మా అప్ప మధ్యాహ్నం వేళ, ఈసారి వెనక గుమ్మంలోంచి కాదు, వీధి గుమ్మంలోంచే వచ్చింది. హాల్లో కుర్చీ లాక్కుని నాకెదురుగా కూర్చుంది. బూరెల గిన్నె, నేతి గిన్నె మా ఇద్దరి మధ్య పెట్టింది. అనూరాధ వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడింది. కళ్యాణ్ కంప్యూటరు వైపు ముఖం పెట్టుకున్నాడు.

"సూడు నగరేసూ. ఊరోల్ల మాట నాకొద్దు. నువ్వు సెప్పు. నీ కోడలు ఎట్టక సిక్కిపోనావా, నువ్వే ఎట్టొద్దన్నావా? నువ్వేటంటే అదే నానూ అంతాను. నా మాట ఈ ఈదిలో ఎవులూ కాదన్రు."

న్యాయమైన ప్రశ్న. జవాబు ఒక్క వాక్యం. అనూరాధ గుమ్మంలోంచి కదల్లేదు.

"చెప్పండి మావయ్యా" అంది. "ఒక్క మాట. మీరన్నదే."

నేను గొంతు సవరించుకున్నాను. బయట వీధి అరుగు మీద నరసింగరావు, ఇంకో ఇద్దరు షావుకార్లు ఎండ కోసం కూర్చున్నట్టు కూర్చున్నారు.

"అప్పా, ఆ విషయం ప్రభుత్వ పరిశీలనలో ఉంది" అన్నాను.

అనూరాధ కంచం తెచ్చి నా ముందు పెట్టి నాలుగు బూరెలు వేసింది. ఒక్కొక్క దానికీ వేలితో చిల్లు పెట్టింది. గరిటెతో నెయ్యి పోసింది. ఇంకేదాకా ఆగి, మళ్లీ పోసింది. మా అప్ప ముఖం విప్పారింది. అరుగు మీది వాళ్లు లేచి ఎవరి దుకాణాలకు వాళ్లు వెళ్లిపోయారు.

నేను నాలుగూ తిన్నాను. వద్దనడానికి ఇంకా చట్టం రాలేదు కదా.